ఏదడిగినా క్యాన్సిల్

2025 సంక్రాంతికి తణుకు దగ్గర మా మావయ్య వాళ్ల ఊరెళ్లాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇంట్లో అందరూ కునుకు తీస్తున్న టైములో, మావయ్య తన లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి "ఒరేయ్, నెల్రోజుల్నుంచి బ్యాంకు సైటు తెరుచుకోవట్లేదు. బ్రౌజరు పాతదైపోయిందంటోంది, కాస్త చూడు" అన్నాడు. మూత ఎత్తాను. కీబోర్డు కింద మణికట్టు ఆనించే చోట ఒక తెల్లకాగితం ముక్క, దానిమీద సెల్లోటేపు, టేపు అంచులు పసుపెక్కి లేచిపోతున్నాయి. కాగితం మీద మావయ్య దస్తూరీ, ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన గుండ్రటి దస్తూరీ: "ఏదడిగినా క్యాన్సిల్."

"ఇదేంటి మావయ్యా?"

"నువ్వే కదరా చెప్పావు."

నిజమే, నేనే చెప్పాను. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది 2020 జనవరి 14న, సరిగ్గా పండగ రోజుల్లో. ఆ పండక్కి వెళ్లినప్పుడే మావయ్య పాత లాప్‌టాప్‌లో విండోస్‌కి బదులు లినక్స్ మింట్ 19.3 (లినక్స్ అంటే ఫ్రీగా దొరికే ఆపరేటింగ్ సిస్టం, మింట్ దాంట్లో ఒక రకం) పెట్టి, లిబ్రెఆఫీసూ ప్రింటరూ తెలుగు కీబోర్డూ అన్నీ సరిచేసి, బస్సుకి టైమైపోతుంటే గుమ్మంలో చెప్పులేసుకుంటూ "మధ్యమధ్యలో ఏదో అడుగుతూ ఉంటుంది, కంగారుపడకు, క్యాన్సిల్ కొట్టెయ్" అని ఒక మాట పారేసి వచ్చాను. పారేసిన మాటని ఆయన కాగితం మీద రాసి అంటించుకుని, ఐదేళ్లపాటు తు.చ. తప్పకుండా పాటించాడు. అప్‌డేట్ మేనేజర్ తెరిస్తే ఆరొందల పైచిలుకు అప్‌డేట్లు క్యూలో ఉన్నాయి. మింట్ 19.3కి మద్దతే 2023 ఏప్రిల్‌లో అయిపోయింది కాబట్టి, అవన్నీ ఎక్కించినా ఒరిగేది తక్కువ. ఫైర్‌ఫాక్స్ 2019 నాటిది. దాంతోనే ఆయన పెన్షన్ చూసుకుంటున్నాడు, కరెంటు బిల్లు కడుతున్నాడు, బ్యాంకు ఓటీపీలు కొడుతున్నాడు. నాకు ఆ అరిసె గొంతు దిగలేదు.

లినక్స్ వాడేవాళ్లం ఒక గొప్ప చెప్పుకుంటూ ఉంటాం. విండోస్ అయితే దానిష్టమొచ్చినప్పుడు రీస్టార్ట్ అవుతుంది, మీటింగు మధ్యలో నీలం తెర వేసి శాతాలు చూపిస్తుంది, మన దాంట్లో అలా ఉండదు, అప్‌డేట్ ఎప్పుడు చెయ్యాలో మన ఇష్టం అని. నేనూ ఈ మాట కొన్ని వందలసార్లు అనుంటాను. కానీ ఆ "మన ఇష్టం" అనేది తెలిసినవాడి చేతిలో ఉంటేనే హక్కు. తెలియనివాడి చేతికిచ్చి వెళ్లిపోతే గాలికొదిలేసినట్టే. మావయ్యకి నేనిచ్చింది అదే. ఇంతకీ నా వాదన ఏంటంటే, లినక్స్ డెస్క్‌టాప్‌లో అప్‌డేట్ల సంగతి ఎలా చూసుకోవాలన్న ప్రశ్నకి ఒకే జవాబు లేదు. మనకి మనం చేసుకునే పద్ధతి వేరు, మనం పెట్టిచ్చినవాళ్లకి ఉండాల్సిన పద్ధతి వేరు. ఈ రెంటినీ కలిపేసి సలహాలిస్తున్నందువల్లే చాలా ఇళ్లల్లో మావయ్య లాప్‌టాప్ లాంటివి తయారవుతున్నాయి.

(ముందే ఒక మాట. ఇక్కడ కమాండ్ల పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నాను, టెర్మినల్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి.)

మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు, ఆయనది "నడుస్తున్నదాన్ని కెలక్కు" మతం. ఐదేళ్లుగా ఒకే ఉబుంటు (ఇదీ ఒక రకం లినక్సే), అప్‌డేట్ నోటిఫికేషనే ఆపేశాడు. "నాకు వైరస్ వచ్చిందా? రాలేదు కదా?" అంటాడు. వస్తే ఆయనకి తెలుస్తుందా అన్నది వేరే సంగతి. ఇలాంటివాళ్లకి నేను రెండు ఉదాహరణలు చెబుతుంటాను. ఒకటి, సుడో, అంటే సిస్టంని మార్చే అధికారం తెచ్చిపెట్టే కమాండు. మనం ప్రతి కమాండుకీ ముందు కొట్టే సుడోలో ఒక లోపం ఉందని 2021 జనవరిలో క్వాలిస్ అనే సంస్థ బయటపెట్టింది. పాస్‌వర్డు లేకుండానే మామూలు యూజరు రూట్, అంటే మెషిన్ మీద సర్వాధికారి, అయిపోవచ్చు. ఆ లోపం 2011 జులై నుంచీ అందులోనే ఉంది. సరిగ్గా ఏడాదికి, 2022 జనవరిలో, అదే సంస్థ పోల్‌కిట్‌లో (ఎవరికి ఏ అధికారం ఇవ్వాలో చూసే భాగం) ఇంకోటి పట్టుకుంది. అదైతే 2009 నుంచీ ఉంది, పన్నెండేళ్లకు పైమాటే. అన్నేళ్లూ ఎవరి మెషిన్లో అయినా "నడుస్తూనే" ఉంది కదా ఆ సాఫ్ట్‌వేరు, ఎవరికీ ఏ ఇబ్బందీ కనిపించలేదు. లోపం బయటపడి, దాన్ని వాడుకునే పద్ధతి నెట్లో దొరకడం మొదలయ్యాక మాత్రం, నిన్నటి దాకా సురక్షితంగా ఉన్న కంప్యూటరే ఇవాళ తలుపు తీసిన ఇల్లు. కంప్యూటరు మారలేదు, బయట లోకానికి తాళం సంగతి తెలిసిపోయింది, అంతే.

ఆయన వైపు నుంచి కూడా ఒక న్యాయమైన మాట ఉంది. పై రెండు లోపాలూ అప్పటికే మెషిన్లోకి అడుగుపెట్టినవాడికి పనికొచ్చేవి. ఇంట్లో ఒక్కడే కూర్చుని వాడుకునే డెస్క్‌టాప్‌కి నేరుగా దెబ్బ తక్కువ. సరే, ఒప్పుకుంటాను. కానీ మరి ఆ మొదటి అడుగు ఎక్కణ్నుంచి పడుతుంది? బ్రౌజర్‌లోంచి. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మల్ని చదివే లైబ్రరీలో లోపం దొరికింది, పనిగట్టుకుని తయారుచేసిన ఒక బొమ్మ ఉన్న పేజీ తెరిస్తే చాలు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఇంకా లోపల బ్రౌజరు ఇంజను పెట్టుకున్న బోలెడు యాప్‌లు అన్నీ హడావిడిగా కొత్త వెర్షన్లు ఇచ్చాయి. అందుకే అప్‌డేట్ల గురించి ఎవరైనా ఒకే ఒక్క సలహా అడిగితే నేను చెప్పేది, మిగతాదంతా నీ ఇష్టం, బ్రౌజర్‌ని మాత్రం వారం దాటనివ్వకు అని.

దీనికి అటు చివర ఇంకో మతం ఉంది. పొద్దున్నే కాఫీ కప్పుతో పాటు టెర్మినల్ తెరిచి ప్యాక్‌మ్యాన్ (ఆర్చ్ అనే లినక్స్‌లో అప్‌డేట్లు ఎక్కించే కమాండు) కొట్టందే రోజు మొదలవ్వని ఆర్చ్ భక్తులు. నేనూ రెండేళ్లు ఆ గుళ్లో ఉన్నాను, సరదాగానే ఉంటుంది, కొత్త సినిమా మొదటి ఆట చూసినట్టు. కానీ 2022 ఆగస్టులో గ్రబ్ (కంప్యూటర్ని బూట్ చేసే ప్రోగ్రాం) కొత్త వెర్షన్ ఎక్కించాక కొందరి ఆర్చ్ మెషిన్లు అసలు బూటే కాలేదు. కమ్యూనిటీలో బోలెడు మంది పెన్‌డ్రైవుల్లోంచి బూట్ చేసుకుని, ఛ్‌రూట్ కమాండుతో పాడైన సిస్టంలోకి దూరి, గ్రబ్ మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది. వాళ్లకది వచ్చు కాబట్టి చేసుకున్నారు. ఆర్చ్ వాళ్లు ముందునుంచీ చెబుతున్నది కూడా అదే: అప్‌డేట్ చేసేముందు మా సైట్లో వార్తలు చదువు, సగం సగం అప్‌డేట్లు చెయ్యకు, ఏదన్నా అయితే సరిచేసుకునే ఓపిక ఉంటేనే రా. దాంట్లో మోసం ఏమీ లేదు. ఆ షరతులు చదవకుండా యూట్యూబ్‌లో అందమైన డెస్క్‌టాప్ చూసి పెట్టుకున్నవాళ్లదే పాపం.

కొత్తదైనంత మాత్రాన సురక్షితం కాదని ఎవరికైనా చెప్పాలంటే ఎక్స్‌జడ్ కథ చెబితే చాలు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఒక మెయిలింగ్ లిస్టులో ఉత్తరం రాశాడు. ఆయన మైక్రోసాఫ్ట్‌లో పని చేస్తాడు, పోస్ట్‌గ్రెస్ డేటాబేసు డెవలపర్. డెబియన్ అనే లినక్స్‌లో సిడ్, అంటే రోజూ మారుతూ ఉండే కొస వెర్షన్, వాడుతున్నాడు. ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే వేరే కంప్యూటరు నుంచి, లాగిన్ అవ్వడానికి మామూలు కన్నా ఓ అరసెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అరసెకను! మనమైతే నెట్ స్లో అనుకుని వదిలేస్తాం. ఆయన వదల్లేదు, తవ్వుకుంటూ పోతే ఫైళ్లని కుదించే ఎక్స్‌జడ్ అనే మూలనున్న చిన్న సాఫ్ట్‌వేరులో ఎవరో దొంగదారి పెట్టారని తేలింది. జియా టాన్ అన్న పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా మంచివాడిలా పని చేసి, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దాన్ని దాచిపెట్టారు. అవి అప్పటికే డెబియన్ టెస్టింగ్‌లోకి, ఫెడోరా పరీక్షా వెర్షన్లలోకి, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్‌లోకి వచ్చేశాయి. డెబియన్ స్టేబుల్ వాడేవాళ్లకి మాత్రం ఏమీ కాలేదు. పాత వెర్షన్ మీద కూర్చుని ఉండటమే వాళ్లని కాపాడింది.

ఆఫీసులో ఆయనకి ఈ కథ తెగ నచ్చింది. "చూశావా, నేను చెప్పలా" అన్నాడు. కాదు, అక్కడే చాలామంది బోల్తా పడేది. డెబియన్ స్టేబుల్ పాతది అంటే అప్‌డేట్లు రావని అర్థం కాదు. వస్తూనే ఉంటాయి, వెర్షన్ నంబరు మారకుండా వస్తాయి. ఆ సాఫ్ట్‌వేరు అసలు రాసేవాళ్లు కొత్త వెర్షన్లో సరిచేసిన లోపాన్ని డెబియన్ వాళ్లు వెనక్కి తెచ్చి తమ పాత వెర్షన్లో అతుకు వేస్తారు. నంబరు చూస్తే మూడేళ్ల నాటిది, లోపల చూస్తే నిన్నటి మరమ్మతు ఉంటుంది. ఇంటి కప్పు కారుతున్న చోట సిమెంటు పూయడం ఒక పని, ఇంటి మీద పై అంతస్తు వేయడం ఇంకో పని. మొదటిది వానలోపు చేసుకోవాలి, రెండోది చేతిలో డబ్బు, తీరిక ఉన్నప్పుడు చేసుకోవచ్చు, అసలు చేసుకోకపోయినా పర్లేదు. మన ఖర్మ ఏంటంటే రెంటినీ అప్‌డేట్ అనే ఒక్క పేరుతోనే పిలుస్తున్నాం, ఒకే డబ్బాలో ఒకే బటన్ కింద చూపిస్తున్నాం. పై అంతస్తుకి భయపడ్డవాడు కారుతున్న కప్పుని కూడా వదిలేస్తున్నాడు.

నా భయం కూడా అలాంటిదే ఒకప్పుడు, దానికో కారణం ఉంది. నాలుగేళ్ల క్రితం వేసవిలో ఒక రాత్రి, పదకొండు దాటింది, మర్నాడు పొద్దున్నే ఒక పుస్తకం ప్రూఫులు పంపాలి. పని అయిపోయింది, పడుకోబోతూ "సరే ఇదొకటి కొట్టేద్దాం" అని సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్ కొట్టాను (ఆప్ట్ అంటే ఉబుంటు, మింట్, డెబియన్లలో సాఫ్ట్‌వేరు ఎక్కించే కమాండు). సిస్టంకి గుండెకాయ లాంటి కెర్నల్ కూడా ఉంది జాబితాలో. నూట చిల్లర ప్యాకేజీలు, డౌన్‌లోడ్ అయిపోయి ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి, అప్పుడు కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కానీ అది అందుకునే లోపు డెస్క్‌టాప్ ఆగిపోయింది. మళ్లీ వేస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, కెర్నల్ పానిక్, రూట్ ఫైల్ సిస్టం దొరకట్లేదట. కొత్త కెర్నల్‌తో పాటు తయారవ్వాల్సిన బూట్ ఫైలు సగంలో ఆగిపోయిందన్నమాట. అప్పటికి నాకు ఆ ముక్క తెలియదు. చేతులు చల్లబడ్డాయి.

ఆ రాత్రి నన్ను గట్టెక్కించింది పాత కెర్నల్. ఉబుంటు, మింట్, డెబియన్ అన్నీ కొత్త కెర్నల్ ఎక్కించినప్పుడు పాతదాన్ని తీసెయ్యవు, పక్కనే ఉంచుతాయి. కంప్యూటరు ఆన్ అవుతుండగా షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే, కొత్త మెషిన్లలో అయితే ఎస్కేప్ నొక్కితే, గ్రబ్ మెనూ వస్తుంది. అందులో రెండో వరస అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. దాని లోపలికెళ్తే పాత కెర్నల్ నంబరు కనిపిస్తుంది, ఎంటర్ కొడితే బూట్ అయిపోతుంది. నాకూ అయింది. తర్వాత ఆప్ట్ కింద పనిచేసే డీపీకేజీకి కాన్ఫిగర్ ఆప్షన్ ఇచ్చి, చివర హైఫన్ ఏ పెట్టి కొడితే సగంలో ఆగినవన్నీ పూర్తి చేసుకుంది. ప్రూఫులు తెల్లారి ఆరింటికే పంపాను. ఫోన్లో ఆ మెనూ గురించి చదివి అర్థం చేసుకోవడానికి పట్టిన గంటన్నర మాత్రం ఇప్పటికీ గుర్తుంది, దోమలు, చెమట, పక్కగదిలో నిద్ర చెడిన మా ఆవిడ "రేపు చేసుకోకూడదా" అని నాలుగుసార్లు అనడం. ఆమె అన్నది అక్షరాలా నిజం. అప్‌డేట్ చెయ్యడం తప్పు కాదు, రాత్రి పదకొండింటికి, పని పంపాల్సిన ముందు రోజు చెయ్యడం తప్పు.

అప్పట్నుంచి నా పద్ధతి మారింది. ఆదివారం పొద్దున్న, టిఫినుకీ స్నానానికీ మధ్య చేస్తాను. అంతకంటే ముందు టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాం సిస్టంకి ఒక నకలు తీసుకుని ఉండాలి. మింట్‌లో ఇది 2018లో వచ్చిన 19వ వెర్షన్ నుంచీ ముందు వరసలోకొచ్చింది, ఏ కాలానికి ఎన్ని నకళ్లు ఉంచాలో చెబితే అదే తీసుకుంటుంది, సిస్టం పాడైతే నిన్నటి స్థితికి వెనక్కి తిప్పేస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక, చాలామంది దీన్ని బ్యాకప్ అనుకుంటారు. మన ఫొటోలు, ఫైళ్లు ఉండే హోం ఫోల్డరుని టైమ్‌షిఫ్ట్ మామూలుగా ముట్టుకోదు. అది సిస్టం కోసం మాత్రమే. పెళ్లి ఫొటోలకి వేరే హార్డ్‌డిస్క్ కొనుక్కోవాల్సిందే.

తర్వాత జాబితా చదువుతాను. అంతా చదవను, ఎవరు చదువుతారు, లిబ్ అని మొదలయ్యే పేర్లు నలభై ఉంటాయి. చూసేది ఒక్కటే: ఏమైనా తీసేస్తానంటోందా? ఎక్కించేవాటి గురించి టెన్షన్ అక్కర్లేదు, తీసేసేవాటి దగ్గర మాత్రం ఆగాలి. 2021 నవంబరులో టెక్ యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో స్టీమ్ (గేముల యాప్) ఎక్కించబోయి మొత్తం డెస్క్‌టాప్‌నే ఊడబీకుకున్న వీడియో చాలామంది చూసే ఉంటారు. ప్యాకేజీల మధ్య లింకులు ఎక్కడో తేడా కొట్టాయి, అంచేత స్టీమ్ పెట్టాలంటే డెస్క్‌టాప్ తీసెయ్యాలని ఆప్ట్ లెక్కేసుకుంది. ఆ సంగతి తెర మీద రాసింది కూడా, ప్రమాదం అని చెప్పి, "అవును, నేను చెప్పినట్టు చెయ్యి" అని పూర్తి వాక్యం టైపు చేస్తేనే ముందుకెళ్తానంది. ఆయన టైపు చేశాడు. నెట్లో జనం ఆయన్ని తెగ వెక్కిరించారు, నేను వెక్కిరించను. రోజూ వంద వాక్యాల దగ్గర చదవకుండా ఓకే కొట్టేలా మనల్ని తయారుచేసి, నూట ఒకటో వాక్యం దగ్గర "చదవలేదేం" అంటే ఎలా? ఆ తర్వాత ఆప్ట్ వాళ్లు కూడా అంత తేలిగ్గా ముఖ్యమైన ప్యాకేజీలు ఊడిపోకుండా గట్టి చేశారు. మా మావయ్య అయితే క్యాన్సిల్ కొట్టి బతికిపోయేవాడు, అది వేరే విషయం.

ఇంకో ప్రశ్న అప్పుడప్పుడూ ఎదురవుతుంది. ఫలానా సెట్టింగుల ఫైలుని నువ్వు మార్చుకున్నావు, కొత్త ప్యాకేజీలో వేరే ఫైలు వచ్చింది, ఏది ఉంచమంటావు అని. నువ్వు ఎప్పుడో కావాలని మార్చిన గుర్తుంటే పాతదే ఉంచు, అసలు ఆ ఫైలు పేరే ఎరగవంటే కొత్తది తీసుకో. డీ కొడితే తేడా చూపిస్తుంది, ఓపికుంటే చూడొచ్చు. హార్డ్‌డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్లకి బూట్ ఫోల్డరు విడిగా చిన్న పార్టిషన్‌లో ఉంటుంది, పాత కెర్నళ్లు పేరుకుపోతే అది నిండిపోయి అప్‌డేట్ మధ్యలో చతికిలబడుతుంది, కాబట్టి నెలకోసారి ఆటోరిమూవ్ కొట్టుకోవాలి. చివర్లో రీస్టార్ట్. కెర్నల్ మారితే రీస్టార్ట్ చేసేదాకా పాత కెర్నలే నడుస్తూ ఉంటుంది, అప్‌డేట్ చేశామన్న తృప్తి తప్ప ఏమీ ఉండదు. "నా లినక్స్ నూట ఇరవై రోజులుగా రీస్టార్ట్ అవ్వలేదు" అని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. సర్వర్లలో అదొక ముచ్చట. డెస్క్‌టాప్‌కి ఎందుకు నాయనా?

ఇదంతా ఆప్ట్ గురించి. ఇంటికి ఒకే గుమ్మం ఉన్నరోజుల్లో ఇంతటితో సరిపోయేది. ఇప్పుడు నా డెస్క్‌టాప్‌లోకి సాఫ్ట్‌వేరు ఎన్ని దార్లలో వస్తోందో లెక్కపెడితే ఐదు తేలాయి: ఆప్ట్, స్నాప్, ఫ్లాట్‌పాక్ (ఈ రెండూ యాప్‌లు ఎక్కించే వేరే పద్ధతులు), ఎప్పుడో ఎవరో బ్లాగులో చెబితే చేర్చిన రెండు పీపీఏలు (ఎవరో విడిగా నడిపే ప్యాకేజీల కొట్లు), డౌన్‌లోడ్స్ ఫోల్డరులో పడున్న ఒక ఆప్‌ఇమేజ్ (ఒకే ఫైలుగా దొరికే యాప్). ఆప్ట్ అప్‌గ్రేడ్ కొట్టి చేతులు దులుపుకుంటే పీపీఏలు దాంతోపాటే వస్తాయి గానీ, మిగతా మూడూ ఎవరు చూస్తారు? స్నాప్ తనంతట తాను చూసుకుంటుంది, రోజుకి నాలుగుసార్లు. మొదట్లో దాన్ని పూర్తిగా ఆపే దారే ఉండేది కాదు, వాయిదా వెయ్యడమే. 2022 చివర్లో గానీ హోల్డ్ ఆప్షన్ ఇవ్వలేదు. దానిమీద జనం పోసినంత కోపం లినక్స్ లోకంలో ఇంకదేనిమీదా పోసుండరు, మింట్ వాళ్లయితే 2020లో వచ్చిన 20వ వెర్షన్ నుంచి స్నాప్‌ని గుమ్మం బయటే నిలబెట్టారు. నా అభిప్రాయం కొంచెం తేడా. నా మెషిన్లో నన్ను అడక్కుండా మారిస్తే నాకూ ఒళ్లు మండుతుంది. కానీ మావయ్య కాగితం చూశాక, ఉబుంటులో ఫైర్‌ఫాక్స్‌ని స్నాప్‌గా ఇవ్వడం వెనకున్న లెక్క నాకు మొదటిసారి అర్థమైంది. అడిగితే క్యాన్సిల్ కొట్టేవాళ్లని అడక్కుండా ఉండటమే మేలు.

అన్నిటికన్నా చిరాకు పీపీఏలు, ఆప్‌ఇమేజ్‌లూ. పీపీఏ పెట్టినవాడు రెండేళ్లకి ఉద్యోగం మారతాడు, పెళ్లి చేసుకుంటాడు, ఆ పీపీఏ సంగతి మర్చిపోతాడు. మన మెషిన్లో అది అలాగే ఉండి, వెర్షన్ మార్చేటప్పుడు కాళ్లకి అడ్డం పడుతుంది. ఆప్‌ఇమేజ్‌లు చాలావరకు తమంతట తాము అప్‌డేట్ కూడా అవ్వవు. మీరిప్పుడే వెళ్లి మీ మెషిన్లో ఎన్ని పీపీఏలున్నాయో చూడండి, ఎందుకు పెట్టానో గుర్తులేదు అనిపించినదాన్ని తీసెయ్యండి. నేను తీసేస్తే ఒకటి మిగిలింది.

నెట్ ఖర్చు సంగతి కూడా చెప్పాలి. లినక్స్ గురించి రాసే విదేశీ వ్యాసాల్లో ఈ ముక్క కనిపించదు. మా ఊళ్లల్లో చాలామంది లాప్‌టాప్‌కి నెట్ ఫోన్ హాట్‌స్పాట్ నుంచే, అది రోజుకి ఒకటిన్నర, రెండు జీబీల ప్యాకు. లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ ఒక్కటే కొన్ని వందల ఎంబీలు. పొద్దున్నే అది దిగిందంటే సాయంత్రం సీరియల్ చూడ్డానికి డేటా ఉండదు, అత్తయ్య ఊరుకోదు. నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఈ కనెక్షన్‌కి డేటా పరిమితి ఉందని గుర్తు పెడితే ఉబుంటులో ఆటోమేటిక్ అప్‌డేట్లు మామూలుగా ఆ కనెక్షన్ మీద ఆగుతాయి. మంచిదే. కానీ ఇంట్లో ఉన్నదే హాట్‌స్పాట్ అయితే, ఆగడం అంటే ఎప్పటికీ ఆగడమే. అలాంటి చోట మూణ్నెల్లకోసారి మనం వెళ్లినప్పుడు మన ప్యాకుతో చెయ్యడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు.

ఇక పెట్టిచ్చేవాళ్ల సంగతి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 మద్దతు కూడా ముగిసింది, ప్రతి చుట్టాలింట్లోనూ విండోస్ 11 ఎక్కని ఒక లాప్‌టాప్ ఉంది, ప్రతి కుటుంబంలోనూ "లినక్స్ పెట్టేస్తా, ఫ్రీగా" అనే అబ్బాయో అమ్మాయో ఉన్నారు. పెట్టండి, చాలా మంచి పని. కానీ మీరు పెట్టిన రోజు నుంచి ఆ మెషిన్ బాధ్యత మీదే. లినక్స్ మింట్ నాయకుడు క్లెమెంట్ లెఫెబ్రే 2021 ఫిబ్రవరిలో, మా వాడుకరుల్లో చాలామంది అప్‌డేట్లు చెయ్యట్లేదు, 2019లోనే మద్దతు ముగిసిన 17వ వరస మీద ఇంకా ఉన్నవాళ్లు కూడా ఉన్నారు అని వాపోయాడు. ఆ తర్వాత ఆ ఏడాదే వచ్చిన 20.2లో అప్‌డేట్ మేనేజర్ కాస్త గట్టిగా గుర్తుచెయ్యడం మొదలుపెట్టింది. అది చదివినప్పుడు "ఎవరబ్బా ఇంత బద్ధకస్తులు" అనుకున్నాను. అప్పటికే మావయ్య ఏడాదిగా క్యాన్సిల్ కొడుతున్నాడు.

కాబట్టి ఇంకొకరికి పెట్టేటప్పుడు ఆర్చ్ వద్దు, ఆర్నెల్లకొకటి వచ్చే ఉబుంటు వద్దు, దానికి తొమ్మిది నెలలే మద్దతు. ఫెడోరా నాకిష్టమే, కానీ ఒక్కో వెర్షన్‌కి పదమూడు నెలలు మాత్రమే, ఏడాదికోసారి నువ్వు వాళ్లింటికెళ్లగలవా? ఐదేళ్ల మద్దతున్నది ఏదైనా పెట్టు, ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం మద్దతుండే వెర్షన్) గానీ మింట్ గానీ. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్ చెయ్యి. "ఆటోమేటిక్‌గా పెడితే ఏదో ఒకరోజు పాడవుతుంది" అని మిత్రులు నాతో వాదిస్తారు. అవ్వొచ్చు. పాడైతే మావయ్య నాకు ఫోన్ చేస్తాడు, నేను గ్రబ్ మెనూ చూపించి పాత కెర్నల్‌లోకి పంపిస్తాను, లేదా వెళ్లి టైమ్‌షిఫ్ట్‌తో వెనక్కి తిప్పుతాను. అప్‌డేట్ పాడైతే తెర మీద కనిపిస్తుంది. అప్‌డేట్ లేకపోవడం వల్ల జరిగే నష్టం బ్యాంకు మెసేజీలో కనిపిస్తుంది.

ఆ పండగ మూడో రోజు, కనుమ నాడు, మావయ్య లాప్‌టాప్ మొత్తం కడిగేశాను. 19.3 నుంచి 20, 21, 22 అని మెట్టు మెట్టుగా ఎక్కొచ్చు గానీ ఆ పాత నాలుగు జీబీ మెషిన్‌తో దానికి రెండు రోజులు పట్టేది. హోం ఫోల్డరు పెన్‌డ్రైవులోకి తీసి, మింట్ 22లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం కొత్తగా ఎక్కించాను, దానికి 2029 దాకా మద్దతుంది. అప్‌డేట్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో ఆటోమేషన్ అని ఒక ట్యాబ్ ఉంది. అప్‌డేట్లు వాటంతట అవే ఎక్కడం, పనికిరాని పాత కెర్నళ్లు తీసెయ్యడం, రెండు స్విచ్‌లూ ఆన్ చేశాను. రెండు నిమిషాల పని. ఐదేళ్ల క్రితం ఆ రెండు నిమిషాలు కూర్చునుంటే సరిపోయేది, బస్సు తప్పినా ఇంకో బస్సుండేది. తెలుగు కీబోర్డు మాత్రం మళ్లీ ఏడిపించింది, ఐబస్ అనే టైపింగు ప్రోగ్రాం పెట్టి, లాగౌట్ అయి, మళ్లీ లాగిన్ అయి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చేసరికి చీకటి పడింది.

సెల్లోటేపు పీకేసి, కొత్త కాగితం మీద ఏం రాయమంటావని మావయ్య అడిగాడు. ఆలోచించి, "రీస్టార్ట్ అడిగితే, పని అయ్యాక చెయ్యి. పాస్‌వర్డు అడిగితే, నాకు ఫోన్ చెయ్యి" అన్నాను. నాలుగు మడతల కాగితం విప్పి రాసుకున్నాడు. కింద తేదీ కూడా వేశాడు.

మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. అప్‌డేట్ మేనేజర్లో చరిత్ర చూపించే కిటికీ ఒకటుందని ఆయనే కనిపెట్టి, ప్రతివారం చదువుతున్నాడట.

"ఒరేయ్, కెర్నల్ అంటే గింజ కదరా?"

"అవును మావయ్యా."

"బుధవారం గింజ మార్చిందిట. రీస్టార్ట్ చెయ్యమంటోంది."

"చెయ్యి మరి."

"పాత గింజ పారేస్తుందా?"

"లేదు, పక్కన పెడుతుంది."

"సరే, ఆన్సర్ కీ ప్రింట్ తీసుకుని చేస్తా" అని పెట్టేశాడు.